డబ్బాలోని యౌవనము

ఆంధ్రదేశమున నేడు మిక్కిలి అగ్గువకు దొరకు మాట యొకటి గలదు. అది "సహజము" అను మాట. బెజవాడ బీసెంటు రోడ్డున గాని, హైదరాబాదు సుల్తాను బజారున గాని, మన పల్లెలోని కిరాణా కొట్టు ముందర గాని ఒక నిమిషము నిలిచి చూడుడు. అద్దాల బీరువాలో వరుసగా డబ్బాలు. ప్రతి డబ్బాపైని ఒక ఆకు బొమ్మ. ఆకు కొసను ఒక నీటిబొట్టు. దాని ప్రక్కను ఒక స్త్రీ ముఖము. ఆ ముఖమునకు చెమట లేదు, ఎండ లేదు, ఒక్క గీత లేదు. నలువది దాటిన స్త్రీకి ఇరువది యేండ్లనాటి సహజ కాంతి యీ డబ్బాలో నున్నదని ఆ వ్రాతల సారాంశము. నలువది యేండ్లు బ్రతికిన మనుష్యునకు సహజమైనది నలువదేండ్ల ముఖమే గదా! ఇరువదేండ్ల ముఖమును నలువదవ యేట కొని తెచ్చుకొనుట సహజమెట్లగును? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పలేని వర్తకము, దేశమందలి స్త్రీల కొంగుముళ్ళను విప్పుచున్నది. చాలచోట్ల వారి చర్మమును, మూత్రపిండములను సైతము చెరచుచున్నది.

అలంకారమునకు మేము శత్రువులము కాము. పండుగనాడు నలుగు పెట్టుకొని సున్నిపిండితో స్నానము చేయుటయు, ఆషాఢమున గోరింటాకు పెట్టుకొనుటయు, తలలో ఇన్ని మల్లెపూలు తురుముకొనుటయు మన యిండ్లలోని యానందములు. అరువదేండ్ల అవ్వ పండిన చేతులను మనుమరాండ్రకు చూపి మురియుట మనమెరుగనిది కాదు. కాని ఆ అవ్వ తన చేతులు ఎఱ్ఱగా పండెనని సంతసించెనే గాని, తన వయస్సు ఎవరికిని తెలియదని సంతసింపలేదు. అలంకారము వేరు, వయస్సును దాచుకొనుట వేరు. మొదటిది ఉత్సవము, రెండవది భయము. ఈనాటి వర్తకుడు అమ్ముచున్నది మొదటిది కాదు. అతడు ముందు భయమును ఊరక పంచి పెట్టును. పిదప దానికి మందును వెలకు అమ్మును.

"స్త్రీల ముస్తాబు సంగతి పురుషులకేల?" యని కొందరు మిత్రులు నవ్వవచ్చును. స్త్రీ ఏమి పూసుకొనవలెనో చెప్పుటకు మేము కలము పట్టలేదు. అమ్మువాడు ఏమి చెప్పి అమ్ముచున్నాడు, డబ్బాలో నేమి పోసినాడు, చట్టము ఎక్కడ నిదురించుచున్నది, ఇంటిలోని పురుషుడు ఈ వ్యాపారమునకు ఏ విధమున తోడ్పడుచున్నాడు — ఇవి మా ప్రశ్నలు. ఇవి పురుషులు అడిగి తీరవలసిన ప్రశ్నలు.

ఈ వాణిజ్యమునకు నూరేండ్ల చరిత్ర గలదు. 1919లోనే బొంబాయిలో "ఆఫ్ఘన్ స్నో" అను ముఖలేపనము పుట్టినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1952లో, టాటాల సంస్థ "లాక్మే" అను పేరుతో అలంకార వస్తువులను చేయ నారంభించినది. 1975లో హిందుస్థాన్ లీవరు కంపెనీ "ఫెయిర్ అండ్ లవ్లీ"ని విపణిలోనికి తెచ్చెను. తెల్లనిదే అందము, నల్లనిది దోషము అను నీచమైన పాఠమును అది నలువదియైదు సంవత్సరములు ఇంటింట బోధించెను. పెండ్లి కావలెనన్న తెల్లబడవలెను, ఉద్యోగము రావలెనన్న తెల్లబడవలెను! 2020లో, అమెరికాలో నల్లజాతివారి ప్రాణముల విలువనుగూర్చి లేచిన ఘోష సముద్రములు దాటి వచ్చిన తరువాత, ఆ కంపెనీకి తన డబ్బాపైని మాట ఎబ్బెట్టుగా కనుపడినది. నాటినుండి అది "గ్లో అండ్ లవ్లీ" అయినది. పేరు మారినది, బేరము మారలేదు. తెలుపనుటకు సిగ్గుపడినచోట కాంతి యనుట నేర్చిరి. కాంతి అను మాట తెలుపుకంటె వర్తకునకు ఎక్కువ లాభకరము. ఏలయన తెలుపు పెండ్లికాని పిల్లకు మాత్రమే అమ్ముడుపోవును, కాంతి మాత్రము పిల్లకును తల్లికిని అమ్మమ్మకును అమ్ముడుపోవును. చామనచాయ పిల్లకు పుట్టుకనే తప్పుగా చూపినవాడు, ఆమె తల్లికి బ్రతుకునే తప్పుగా చూపుచున్నాడు.

ఇదంతయు విదేశీయుల మాయ యని తీర్పు చెప్పి చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. 1907లో బిపినచంద్ర పాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి రాజమహేంద్రవరమున, బందరున ఉపన్యసించిన దినములనుండి స్వదేశీ యను మాట మనకు మంత్రము వంటిది. దానికొరకు మన పెద్దలు చదువులు వదలిరి, కారాగారములకు పోయిరి. నేడు ఆ మాటను డబ్బాపై అచ్చొత్తి, ఋషుల పేర్లను జతచేసి, ముడుతలు పోవునని అమ్ముచున్నవారు మనవారే. ఒక స్వదేశీ ఔషధ సంస్థ తన ప్రకటనలలోని అతిశయోక్తులకుగాను 2024లో సర్వోన్నత న్యాయస్థానపు ఆగ్రహమునకు గురియై, పత్రికలలో బహిరంగముగ క్షమాపణము ప్రకటించుకొనవలసి వచ్చిన సంగతి పాఠకులు మరువలేదు. అబద్ధము ఖద్దరు కట్టుకొన్నంతమాత్రమున నిజము కాదు. పైపెచ్చు విదేశీయుని అబద్ధము మన ధనమునే దోచును. స్వదేశీ పేరుతో చెప్పిన యబద్ధము మన విశ్వాసమును సైతము దోచును.

ఇక డబ్బాలలో నేమున్నదో చూతము. అన్ని లేపనములును విషములని మేము చెప్పము. పెక్కింటిలో నున్నది మైనము, నూనె, నీరు, పరిమళము; అవి చర్మమును కొంతసేపు మెత్తగా నుంచును. ఆ పని కొబ్బరినూనెయు చేయును. కాని కొన్ని డబ్బాలలో పాదరసమున్నది. చర్మమునకు రంగునిచ్చు పదార్థము తయారు కాకుండ పాదరసము అడ్డుపడును. అందుచే కొన్ని వారములలోనే ముఖము తెల్లబడినట్లు తోచును. పూసుకొన్న స్త్రీ మురియును, ఇరుగుపొరుగు ఆశ్చర్యపడుదురు, మరి నాలుగు డబ్బాలు అమ్ముడుపోవును. ఆ పాదరసము చర్మముగుండ నెత్తురులోనికి దిగి మూత్రపిండములను చేరును. కేరళలో మలప్పురము జిల్లా కొట్టక్కల్ నందలి వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండములలోని వడపోత పొర చెడి, మూత్రమున మాంసకృత్తులు పోవుచు వచ్చిన 22 మంది రోగులను పరిశీలించిరి. వారిలో 15 మందికి అరుదైన యొక తీరు వ్యాధి కనుపడెను. ఆ 15 మందిలో 13 మంది ముఖము తెల్లబరచు లేపనములను వాడినవారు! కాళ్ళు వాచినవని వైద్యునియొద్దకు పోయినవారికి, దోషము ముఖమునకు పూసుకొన్న దానిలో నున్నదని తోచునా?

పాదరసముపై నిషేధము లేదని కాదు. 2013లో కుదిరి 2017లో అమలునకు వచ్చిన మినమాటా ఒడంబడిక, లేపనములందు పది లక్షల వంతులలో ఒక వంతునకు మించి పాదరసముండరాదని చెప్పెను. 2023లో జెనీవాలో కూడిన సభ్యదేశములు ఆ యొక్క వంతు మినహాయింపును గూడ తొలగించి, 2025 నాటికి పాదరసము కలిపిన అలంకార వస్తువులనే లేకుండ చేయ నిశ్చయించినవి. మన 2020వ సంవత్సరపు అలంకార వస్తువుల నియమావళియు దీనికి హద్దులు పెట్టియున్నది. కాగితముపై అంతయు బాగుగనే యున్నది. పరీక్షశాలకు పోని డబ్బాకు ఏ నియమము వర్తించును? చేసినవాని చిరునామా సైతము లేని డబ్బాలు సంతలలో అమ్ముడుపోవుచుండగా, జెనీవా నిశ్చయము సంతకు ఎట్లు చేరును?

పాదరసముకంటె మనకు దగ్గరనున్న శత్రువు మరియొకటి గలదు. ముప్పది దాటిన మన స్త్రీలలో అనేకులకు చెక్కిళ్ళపై మంగు వచ్చును. కాన్పులవలనను, ఎండవలనను, కొన్ని మాత్రలవలనను వచ్చు మచ్చ యది, ప్రాణాపాయము లేనిది. ఆమె సిగ్గుపడి మందుల దుకాణమునకు పోవును. దుకాణదారుడు వైద్యుని చీటీ యడుగక, చర్మపు తీవ్రమైన వాపునకు వాడు స్టెరాయిడు కలిసిన గొట్టము నొకటి చేతిలో పెట్టును. వారము దినములలో మచ్చ తేలిక పడును. ఆరు నెలలలో చర్మము పలుచనై నెత్తురు నాళములు ఎఱ్ఱని దారములవలె పైకి కనుపడును, మొటిమలు లేచును, గడ్డమున రోమములు వచ్చును. మందు మానిన ముఖము భగ్గున మండును; ఆ మంట కోర్వలేక మరల అదియే పూయును. కల్లు మానలేనివాని దుఃస్థితి ఎట్టిదో ఇదియు నట్టిదే. చర్మవైద్యులు దీనికి ప్రత్యేకమైన పేరే పెట్టి, దేశమంతట హెచ్చరించుచున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వము పదునాలుగు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని శాసించినది. ఈ శాసనమును మన్నించిన దుకాణములు మీ ఊరిలో ఎన్ని యున్నవో పాఠకులు స్వయముగ లెక్కించుకొనవచ్చును.

తల నెరసిన స్త్రీ సంగతి వేరుగా వ్రాయవలసినదే కాని, ఒక్క మాట చాలును. మూలికల రంగు యని పేరుపెట్టి అమ్ము నల్లపొడులలో అనేకమందు గోరింటాకు నామమాత్రము. నలుపు నిచ్చునది పారాఫినైలిన్ డయమిన్ అను రసాయనము. గోరింటాకు నల్లగ పండదని మన యింటి చిన్నపిల్లకును తెలియును. ఆ రసాయనము సరిపడనివారికి నెత్తి పొక్కును, కనురెప్పలు వాచును.

ఈ పరిస్థితిలో చట్టమేమి చేయుచున్నది? ఇచ్చట పాఠకులు కొంచెము ఓపిక పట్టవలయును. 1940వ సంవత్సరపు ఔషధ చట్టములో 1962లో అలంకార వస్తువులను చేర్చిరి. శుభ్రపరచుటకు, అందము నిచ్చుటకు, రూపమును మార్చి చూపుటకు పైని పూయునదే అలంకార వస్తువని అందలి నిర్వచనము. 1954వ సంవత్సరపు ఔషధ, మాంత్రిక చికిత్సల చట్టము ఆక్షేపణీయమైన ప్రకటనల నరికట్టుటకు పుట్టినది. శరీర నిర్మాణమును గాని, అవయవముల పనిని గాని మార్చునట్టి వస్తువు ఆహారము కానిచో అది ఔషధమేయని దాని నిర్వచనము. ఇప్పుడు డబ్బాను చూడుడు. చర్మమును లోపలినుండి పునరుద్ధరించును, ముడుతలను మాన్పును, కాలమును వెనుకకు త్రిప్పును అని ప్రకటన. అట్లు చేయునది ఔషధము గాక మరేమి? కాని అనుమతి పత్రము మాత్రము అలంకార వస్తువు పేరుతో! ఆడుదాని యెదుట అది మందు. అధికారి యెదుట అది వట్టి పూత. ఒకే నోట రెండు నాలుకలు. మందైనచో ఋజువు చూపవలెను. పూతయైనచో ఆ మాట లనరాదు. న్యాయస్థానమున సాక్షి యిట్లు రెండు విధముల చెప్పినచో బోనునుండి దిగకముందే పట్టుపడును.

1954 చట్టపు పట్టికలో 54 వ్యాధులు గలవు. వానికి మందున్నదని ప్రకటించుటయే నేరము. ఆ పట్టికలో ముడుతలు లేవు, చర్మపు రంగు లేదు, వయస్సు లేదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఒక సవరణ ముసాయిదాను ప్రకటించి, చర్మపు తెలుపును, అకాల వార్ధక్యమును, వెండ్రుకల రంగు మార్పును ఆ పట్టికకు చేర్చ దలచెను. మొదటి నేరమునకు రెండేండ్ల చెర, పది లక్షల జుల్మానా అనెను. దేశమున స్త్రీల సంఘములు సంతసించినవి. ముసాయిదా ముసాయిదాగానే యుండిపోయినది.

ప్రకటనలను నిషేధించిన భావప్రకటన స్వాతంత్ర్యమునకు భంగమని వర్తకుల వకీళ్ళు వాదింతురు. ఇది పాతబడిన వాదము. హమ్‌దర్ద్ దవాఖానా వ్యాజ్యమున 1959లోనే సర్వోన్నత న్యాయస్థానము దీనిని విచారించి, ఆ చట్టములోని కొన్ని పదములను కొట్టివేసినను, మందులమ్ముకొనుటకై వేయు ప్రకటన భావస్వాతంత్ర్యపు నీడన దాగజాలదని చెప్పినది. 1995లో టాటా ప్రెస్ వ్యాజ్యమున వ్యాపార ప్రకటనకు రాజ్యాంగ రక్షణ గలదని చెప్పినప్పుడు సైతము, మోసపుచ్చు ప్రకటనను అరికట్టవచ్చునని స్పష్టము చేసినది. 2019 వినియోగదారుల చట్టము మోసపు ప్రకటనకు మొదట పది లక్షల వరకును, మరల చేసిన యేబది లక్షల వరకును దండనము విధింప వీలు కల్పించినది. ఆ వస్తువును మెచ్చుకొను తారలను సైతము ఏడాదిపాటు ప్రకటనలనుండి బహిష్కరింపవచ్చును. అధికారమున్నది, అధికారి కావలెను.

తారల మాట వచ్చినది గావున మన చలనచిత్రముల సంగతియు చెప్పక తప్పదు. అరువదేండ్ల కథానాయకుడు ఇరువదేండ్ల పిల్లతో చిందులు త్రొక్కును, దానికి చప్పట్లు. ఆ పిల్లయే ముప్పదియైదు దాటునప్పటికి అతనికి వదినగానో తల్లిగానో వేషమునకు పిలువబడును. పురుషుని నెరసిన గడ్డము అనుభవమునకు గుర్తట! స్త్రీ నెరసిన పాపిట అశ్రద్ధకు గుర్తట! ఇంటిలో భర్తగారు సెల్‌ఫోనులో బొమ్మలు చూచుచు, "నీవు ముసలిదానివైపోతివే" యని పరిహాసమాడును. ఆయన పొట్టయు, ఆయన బట్టతలయు పరిహాసమునకు రావు. ఆ యొక్క మాటతో వేయి ప్రకటనల పని నెరవేరును. కంపెనీకి పైస ఖర్చు లేదు.

విచిత్రమేమనగా, మన పురాణములలో యౌవనమునకై వెంపరలాడినవారు స్త్రీలు కారు. శాపముచే వచ్చిన ముసలితనమును భరింపలేక కొడుకు పూరుని యౌవనమును తీసికొన్నవాడు యయాతి. అశ్వినీదేవతల దయచే పడుచువాడైనవాడు చ్యవనుడు. ఆయన పేరిటనే నేటికిని చ్యవనప్రాశము అమ్ముడుపోవుచున్నది. సుకన్య ఆ ముసలి ఋషికి సేవ చేసినది గాని, తాను ముసలిదగుదునేమో యని ఏడువలేదు. పురుషుని వెఱ్ఱిని స్త్రీ నెత్తిన రుద్దుట ఈ కాలపు వర్తకుల ఘనత.

మన జాతీయోద్యమమును తలచుకొనుడు. 1881లో జన్మించిన దువ్వూరి సుబ్బమ్మగారు, చిన్ననాటనే వితంతువై, సహాయనిరాకరణోద్యమపు దినములలో గోదావరి తీరపు గ్రామములు తిరిగి ఉపన్యసించి, 1922లో చెరసాలకు పోయినప్పుడు నలువది దాటినవారు. 1895లో పుట్టిన చాకలి ఐలమ్మ తన సాగుభూమికొరకు విసునూరు దేశ్‌ముఖునకు ఎదురు నిలిచినప్పుడు ఏబది సమీపించిన తల్లి. ఆ ముఖములందలి గీతలు ఎండవానల వ్రాత, పంతముల వ్రాత. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఐలమ్మ పేరు పెట్టిరి. అక్కడ చదువుకొను పిల్లలు ఆ మహాతల్లి బొమ్మకు పూలమాల వేసి, వెనుదిరిగి, రాత్రికి ముడుతల లేపనము పూసికొని పండుకొందురు. ఇరువదేండ్లకే! ముడుత రాకముందే ముడుతకు మందు పూయవలెనని వారికి బోధించుచున్నారు.

ఇంతవరకు వ్రాసినది మోసపు యౌవనమునుగూర్చి. నిజమైన యౌవనము మన స్త్రీలనుండి ఎట్లు అపహరింపబడుచున్నదో చెప్పనిచో ఈ వ్యాసము సగమే. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనములో, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశమున ఈ విషయమున మొదటి రెండు స్థానములును తెలుగువారివే! దేశమంతట ఈ శస్త్రచికిత్స జరిగినవారి నడిమి వయస్సు 34. తెల్లబట్ట యనియు, నడుమునొప్పి యనియు, నెత్తురు ఎక్కువగ పోవుచున్నదనియు వైద్యశాలకు పోయిన రైతుకూలి స్త్రీతో, "పిల్లలు కలిగిరి గదా, ఇక ఈ సంచి యెందుకు? ఉంచిన పుండగును" అని భయపెట్టి కత్తి పట్టినవా రెందరు! గర్భసంచితో అండాశయములును తీసివేసిన నాటినుండి ఆమెకు ముట్లుడుగు వయస్సు ఒక్కనాడే మీదపడును. ఆవిరులు, నిదురలేమి, ఎముకల గుల్లదనము, గుండెజబ్బుల భయము — ఏబదవ యేట మెల్లగ రావలసినవి ముప్పదియైదవ యేటనే తలుపు తట్టును. అండాశయములను మిగిల్చినను అవి ముందుగా అలసిపోవుట కలదు. బీమా సొమ్ము వైద్యశాలకు చేరును. వార్ధక్యము ఆమెకు చేరును. ఆ మరుసటి వీధిలోనే యౌవనము డబ్బాలో అమ్ముడుపోవుచుండును!

డాక్టరు నరేంద్ర గుప్తగారి వ్యాజ్యమున 2023 ఏప్రిల్ 5న సర్వోన్నత న్యాయస్థానము, అనవసరముగ గర్భసంచులను తొలగింపకుండ కేంద్రము చేసిన మార్గదర్శక సూత్రములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో అవలంబింపవలెనని ఆజ్ఞాపించినది. ఆ వ్యాజ్యము రాజస్థాన్, బీహారు, ఛత్తీస్‌గఢ్ స్త్రీల కష్టములపై పుట్టినది. దాని యవసరము మనకే ఎక్కువ. మన రెండు రాష్ట్రములలోను ఏ జిల్లాలో, ఏ వయస్సువారికి, ఎందుకు, ఎన్ని శస్త్రచికిత్సలు జరిగెనో ప్రతి మూడు నెలలకును ప్రకటింపవలెనని మేము అడుగుచున్నాము.

రెండవ దొంగ ఇంటిలోనే యున్నది. 2019–21 పరిశీలనమున 15–49 ఏండ్ల స్త్రీలలో నెత్తురు తక్కువగా నున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. సగముకంటె ఎక్కువ! ముఖమున కళ లేదన్న ఎట్లుండును? అందరికిని వడ్డించి, అడుగున మిగిలిన చారునీళ్ళతో అన్నము కలుపుకొను తల్లికి కళ ఏ లేపనము తెచ్చును? ఆకుకూర, పప్పు, పాలు, గ్రుడ్డు ఆమె విస్తరిలోనికి ముందుగ రావలెను. నూరు రూపాయల డబ్బాకు బదులు నూరు రూపాయల వేరుసెనగపప్పు, బెల్లము తెచ్చిన భర్త నిజమైన రసికుడు.

చర్మమును ముదుర జేయు వానిలో మొదటిది ఎండ యని వైద్యులు చెప్పుదురు. నాట్లు వేయు స్త్రీ ఎండను తప్పించుకొనలేదు. కాని తలగుడ్డయు, నీడలో విశ్రాంతియు ఆమెకు కల్పింపవచ్చును. కూలివేళలు ప్రొద్దుటికి జరుపవచ్చును. శ్రీకాకుళము, విశాఖ తీరములందు స్త్రీలు చుట్ట నిప్పు నోటిలోనికి త్రిప్పి కాల్చు అడ్డపొగ అలవాటు అంగిలిలో పుండు పుట్టించి ప్రాణములే తీయుచున్నది. ఆ స్త్రీలకు యౌవన లేపనమును అమ్మ నెవ్వడును పోడు. వారికి కొనుశక్తి లేదు. అందము కొనువారి భయముపై లక్షలు ఖర్చు చేయు దేశమున ఈ మాట వినువారేరి?

పత్రికలవారమగు మమ్ముగూర్చియు ఒక మాట. గాంధీమహాత్ముడు యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలలో ప్రకటనలు వేయలేదు. అంతటి కఠిన వ్రతము అందరికిని సాధ్యము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనము స్థాపించి, ఆ యాదాయముతో 1908లో ఆంధ్రపత్రికను వెలయించి, తెలుగు జాతికి మహోపకారము చేసిరి. మందునమ్మి పత్రిక నడపుట తప్పు కాదని వారి చరిత్రయే సాక్ష్యము. తలనొప్పికి పూయుమని చెప్పి అమ్మిరే గాని, కొనిన స్త్రీ వయస్సు తగ్గునని వారు చెప్పలేదు. సంపాదకీయమున స్త్రీజనోద్ధరణమును, వెనుకపుటలో ముడుతల మందును అచ్చువేయు పత్రికలు ఏ పుట తమదో తేల్చుకొనవలెను. మా పత్రిక అట్టి ప్రకటనలను త్రిప్పి పంపుచున్నది.

ఇక పాఠకులకు మా కోరిక యిది. మీ యింట నున్న డబ్బాలను తీసి చూడుడు. చేసినవాని పేరు, పూర్తి చిరునామా, అనుమతి సంఖ్య, గడువు తేదీ, కలిపిన పదార్థముల పట్టిక — ఇందులో నేది లేకున్నను పూయవలదు. పారవేయకుడు, భద్రపరచి జిల్లా ఔషధ తనిఖీ అధికారికి వ్రాతమూలముగ ఫిర్యాదు చేసి రసీదు తీసికొనుడు. వైద్యుని చీటీ లేకయే స్టెరాయిడు గొట్టము నిచ్చిన దుకాణమును బిల్లుతో సహా పట్టియిండు. ఇప్పటికే అది పూయుచున్నవారు ఒక్కమారుగ మానక, చర్మవైద్యుని సలహాతో మానవలెను. విదేశ వస్త్రముల దుకాణముల యెదుట ఎండలో నిలిచి, కొనవద్దని చేతులు జోడించిన స్వచ్ఛందసేవకుల మనుమలు, మునిమనుమలు మన ఊళ్ళలో నున్నారు. వారు ఒక ఆదివారము మందుల దుకాణముల బజారున నిలిచి, పదునాలుగు లేపనముల పేర్లు వ్రాసిన కరపత్రములను పంచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఆ కరపత్రములను అచ్చువేసి యిచ్చు భారము మాది. పంచుటకు ముందుకు వచ్చువారు తమ ఊరి పేరును, కావలసిన ప్రతుల సంఖ్యను మా కార్యాలయమునకు వ్రాయవలెను.